ఆరు చుట్లు

మతాన్,
నవంబర్ 9

రేజాన్‌కి,

మీ అన్నయ్య పోయి రేపటికి ఏడు వారాలు. అంత్యక్రియలయ్యాక చర్చి కింది హాల్లో అందరికీ కాఫీ, కోడిగుడ్డు సాండ్‌విచ్‌లు పెట్టాం. నీకోసం నాలుగు తీసి, మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఉంచాను. తీరా చూస్తే నువ్వు లేవు. ఆరు గంటలు కారు నడుపుకుంటూ వచ్చినవాడు కప్పు కాఫీ అయినా తాగకుండా పోయాడేమిటని మా అక్కచెల్లెళ్ళు అడిగారు. మా మరిదికి చెవులు సరిగా వినపడవు, నలుగురిలో ఉండలేడు అని సర్దిచెప్పాను. అది నిజమో కాదో నీకే తెలియాలి.

ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు, నేను అరుస్తాను, చివరికి ఇద్దరం వాతావరణం గురించి చెప్పుకుని పెట్టేస్తాం. జోజియానేమో బాబాయికి మెసేజ్ పెడతానంటుంది. నువ్వు ఆ ఫోన్ని డ్రాయర్లో పెట్టి మూస్తావని దానికి తెలీదు. అందుకని ఈ ఉత్తరం.

నాకు జబ్బేమీ లేదు. అలసటగా ఉంది, అంతే. ఇంటికొచ్చే కాగితాలన్నీ ఓమేర్ పేరుమీదే వస్తున్నాయి. ఆయన లేడని ఒక్కొక్కరికీ విడివిడిగా రాసి పంపాలట. ఇరుగుపొరుగు తెచ్చిన మాంసం కూరిన రొట్టెలతో ఫ్రీజరు నిండిపోయింది. తినేదాన్ని ఒక్కదాన్ని.

అసలు సంగతికి వస్తాను. పోలీసులు చూడటం అయిపోయిందని ఆయన మూడు చక్రాల మోటారుబండిని ఇంటికి పంపించేశారు. వెనక పెట్టె పగిలింది, కుడివైపు అద్దం ఊడింది. ముందు భాగానికి గీత కూడా పడలేదు. ఆ రోజు ఒక్కడే వెళ్ళాడు కదా, మలుపులో ఆయన ఎగిరి పడ్డాడు, బండి మాత్రం గడ్డిచేలోకి దిగి దానంతటది ఆగిందట. మనిషిని పారేసి అది క్షేమంగా ఇల్లు చేరింది చూడు, నాకు దాన్ని చూస్తేనే ఒళ్ళు మండుతుంది. జోజియాన్‌కి అలా లేదు. నాన్న బండి నేనే నడుపుతాను, మే నెలలో రోడ్డెక్కిస్తాను అంటోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కూతురికి నేనేం అడ్డుపడగలను. రోజంతా ఫెర్రీ మీద తాళ్ళు లాగే పిల్ల, నా మాట ఎక్కడ వింటుంది.

ఎక్కే ముందు ఏమేం చూసుకోవాలో రాయి. ఆగస్టులో మీ ఇంటికి మొక్కజొన్న విందుకొచ్చినప్పుడు దాని ముందు స్ప్రింగుల్ని బిగించింది నువ్వే. ఆ తర్వాత ఎవరూ దానిమీద చెయ్యి పెట్టలేదు.

మీ వదిన,
గిలేన్


రాసీన్,
నవంబర్ 27

వదినా,

ఉత్తరం అందింది. సాండ్‌విచ్‌ల విషయంలో నాది తప్పే.

ఇక్కడ మొదటి మంచు పడింది. కారుకి చలికాలం టైర్లు వేశాను. మోకాలు ఎప్పట్లాగే ఉంది.

ఆ బండి అమ్మెయ్యి. తొమ్మిదేళ్ళ బండి. కొనేవాళ్ళు దొరక్కపోతే విడిభాగాలకి ఇచ్చెయ్యి. బాబాయి వద్దన్నాడని జోజియాన్‌కి చెప్పు. కారణం అడిగితే, ఒకసారి రోడ్డు దిగిన బండిని నమ్మకూడదని చెప్పు.

వేరే విశేషాలేమీ లేవు.

రేజాన్


మతాన్,
జనవరి 15

రేజాన్‌కి,

నీ ఉత్తరం జోజియాన్‌కి చదివి వినిపించాను. "ఇది ఉత్తరమా, టెలిగ్రామా?" అంది. ఇంకా ఏమందంటే, "రోడ్డు దిగిన బండిని నమ్మకూడదంటున్నాడు సరే. పోయిన చలికాలం మంచులో జారి కాలవలోకి దిగిన తన కారుని ఇంకా ఎందుకు నడుపుతున్నాడో అడుగు." అడుగుతున్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ఫ్యాక్టరీలో అవే బండ్లు తయారుచేశావు. పండగపూట భోజనాల దగ్గర కూర్చుంటే ముందు రెండు చక్రాలు, వెనక ఒక చక్రం గురించి నువ్వు మొదలుపెట్టావంటే తీపి పదార్థం వచ్చేదాకా ఆపేవాడివి కాదు. మీ అన్నయ్య బల్లకింద నా కాలు తొక్కేవాడు. అలాంటివాడివి ఇప్పుడు అమ్మెయ్యి అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. మీ అన్నదమ్ములిద్దరిదీ ఒకటే తీరు. లోపల ఏదైనా దాచాల్సి వస్తే మాటలు తగ్గిస్తారు. నీమీద కోపం తెచ్చుకుందామంటే అంత ఓపిక కూడా లేదు నాకు.

జోజియాన్ అమ్మనివ్వదు. ఇక్కడి గ్యారేజీ అతన్ని అడిగింది. కార్ల చక్రాలైతే చూస్తాను, ఈ మూడు చక్రాలది నావల్ల కాదు అన్నాడట. కాబట్టి మాకు నువ్వే దిక్కు.

ఒకటి అడగాలి. నిన్న జోజియాన్ షెడ్డులో బండి మీది గుడ్డ తీసి చూసింది. ముందు టైర్లు రెండూ లోపలి అంచున బాగా అరిగిపోయాయి. బయటి అంచు మాత్రం కొత్తదానిలాగే ఉంది. చేత్తో తడిమి చూశాను, లోపలివైపు రంపం పళ్ళలా గుచ్చుకుంటోంది. జూన్‌లోనే వేయించిన టైర్లు అవి. ఇలా అరగడం మామూలేనా?

గిలేన్


రాసీన్,
ఫిబ్రవరి 4

వదినా,

మామూలు కాదు.

బండి తాళాలు నీ దగ్గర పెట్టుకో. నేను చెప్పేదాకా జోజియాన్ దాన్ని వీధి చివరిదాకా కూడా తీసుకెళ్ళకూడదు. దానికి కోపమొస్తే రానీ.

కింద రాసినట్టు కొలిచి పంపండి. ఇందులో ఏ ఒక్కటి వదిలేసినా ఆ కొలత ఎందుకూ పనికిరాదు.

మొట్టమొదట, సీటు ఖాళీగా ఉండకూడదు. ఫ్యాక్టరీలో చివరి పదేళ్ళు నా పనల్లా అదే. ప్రతి బండి సీటు మీదా ఇనుప దిమ్మలు పేర్చి, మనిషి కూర్చున్నంత బరువయ్యాకే చక్రాలు కొలిచేవాళ్ళం. మనిషి కూర్చుంటే స్ప్రింగులు నొక్కుకుని ముందు భాగం దిగుతుంది. దిగినప్పుడు చక్రాలు చూసే దిక్కు కొంచెం మారుతుంది. ఖాళీ బండిని కొలవడమంటే టైలరు మనిషిని వదిలేసి హ్యాంగరుకి కొలతలు తీసుకోవడమే.

అన్నయ్య బరువు తొంభై నాలుగు కిలోలు. మెట్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు బస్తాలు ఉంటాయి కదా, ఇరవై కిలోలవి. నాలుగు సీటు మీద పేర్చండి. వాటిమీద ఆయన పనిముట్ల పెట్టె పెట్టండి, అది సుమారు పద్నాలుగు కిలోలుంటుంది. టైర్లలో గాలి పుస్తకంలో ఉన్నంత పెట్టండి. హ్యాండిల్ తిన్నగా ఉంచి తాడుతో కట్టండి. ఆ తర్వాత బండి ముక్కుని రెండు చేతులతో మూడుసార్లు కిందికి నొక్కి వదలండి, దానంతటది కుదురుకోవాలి.

ఇప్పుడు ముందు చక్రాలు రెండింటికీ ఇరుసు ఎత్తులో, ముందువైపు, టైరు నడిమధ్య సుద్దముక్కతో గీత గీయండి. ఈ గీతకీ ఆ గీతకీ మధ్య ఎంత దూరముందో కొలవండి. బండిని మెల్లగా ముందుకి తోయండి, అవే గీతలు చక్రం వెనకవైపుకి అదే ఎత్తులోకి వస్తాయి. మళ్ళీ కొలవండి. ముందు కొలత వెనకదానికన్నా మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. అంటే రెండు చక్రాలూ ముందువైపు ఒకదాన్నొకటి రవ్వంత చూసుకుంటూ ఉండాలి.

ఇంకో రెండు సంగతులు. స్ప్రింగుని నొక్కిపెట్టే రింగు ఒకటుంటుంది, మరల మీద, అంటే స్క్రూకి ఉన్నట్టు చుట్టూ ఉండే గాట్ల మీద, తిరుగుతుంది. ఆ రింగు దాటాక పైన ఎన్ని మరలు కనిపిస్తున్నాయో రెండు వైపులా లెక్కపెట్టు. హ్యాండిల్ కింద నుంచి ఒక్కో చక్రానికీ ఒక సన్నని కడ్డీ వెళ్తుంది, దాన్ని టై రాడ్డు అంటాం. దాని నట్టు మీద ఫ్యాక్టరీలో వేసిన పసుపు గీత ఉంటుంది. ఆ గీత అలాగే ఉందా, నట్టు తిప్పినట్టు చెదిరిందా, చూసి రాయి.

రేజాన్


మతాన్,
ఫిబ్రవరి 24

రేజాన్‌కి,

ఇప్పుడొచ్చింది మా మరిది ఉత్తరం. ముందుది ఎవరో రాసినట్టుంది.

నువ్వు చెప్పినట్టే చేశాం. షెడ్డులో చలికి నా వేళ్ళు టేపుకి అంటుకుపోయాయి. బస్తాలు పేర్చి పనిముట్ల పెట్టె పైన పెట్టేసరికి అచ్చం ఎవరో వంగి కూర్చున్నట్టుంది. దానికి మీ అన్నయ్య కోటు తొడగాలనిపించింది, తర్వాత సిగ్గేసి మానేశాను. జోజియాన్ కాసేపు బయటికి వెళ్ళి వచ్చింది. మంచు తోసే ట్రాక్టరు చూడటానికి వెళ్ళానంది. ట్రాక్టరేమీ రాలేదు.

మరలు రెండువైపులా పద్నాలుగు. పసుపు గీతలు రెండూ చెక్కుచెదరలేదు.

చక్రాలూ కొలిచాం. ముందు కొలత జోజియాన్ చదివింది, వెనక కొలత నేను చదివాను. తీసివేత నేనొక్కదాన్నే వంటింట్లో కూర్చుని చేసుకున్నాను. దానికి చెప్పలేదు. నీకూ ఇప్పుడే చెప్పను.

ముందు నేను అడిగేదానికి జవాబు కావాలి. బండి ఎలా ఉందో తెలియాలంటే చక్రాల కొలత చాలు. మరలు ఎందుకు లెక్కపెట్టమన్నావు? పసుపు గీత ఎందుకు చూడమన్నావు? ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లల లెక్కలు దిద్దినదాన్ని. తను చేసిన తప్పు ఏ మెట్టు దగ్గరుందో ముందే తెలిసిన పిల్లవాడు సరిగ్గా ఆ మెట్టు మీదే చెయ్యి అడ్డం పెడతాడు. నీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ చెయ్యి కనిపించింది.

ఏం జరిగిందో రాయి. రాస్తే అంకె పంపుతాను.

గిలేన్


రాసీన్,
మార్చి 10

వదినా,

మూడు ఉత్తరాలు రాసి పొయ్యిలో వేశాను. ఇది నాలుగోది. ఇది కూడా బాగా లేదు, కానీ పంపుతున్నాను.

ఆ బండికి ఎనిమిది మరలు కనిపించాలి. నువ్వు పద్నాలుగు లెక్కపెట్టావు. ఆ ఆరు చుట్లూ నేను తిప్పినవే.

మొక్కజొన్న విందు రోజు నువ్వు పెరట్లో మిగతావాళ్ళతో కూర్చుని కంకులు వలుస్తున్నావు. గుంతలో పడితే ముందు భాగం నేలకి కొట్టుకుంటోంది, ఇద్దరం ఎక్కి సామాను కూడా వేస్తే మరీ దారుణంగా ఉంది అని అన్నయ్య గొణిగాడు. అప్పటికి నేను మూడో బీరులో ఉన్నాను. పానా తెచ్చి రింగులు తిప్పడం మొదలుపెట్టాను. "ఇంకొంచెం, ఇంకొంచెం" అన్నాడు. ఆరు చుట్లు తిప్పాను. బండి ముక్కు పైకి లేచింది. అన్నయ్య ఎక్కి కూర్చుని ఊగి చూసి, "ఇన్నాళ్ళూ సోఫా నడిపాను, ఇప్పుడు బండిలా ఉంది" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

కానీ స్ప్రింగు బిగిస్తే పని అయిపోయినట్టు కాదు. ముక్కు లేచినప్పుడు చక్రాన్ని పట్టుకున్న ఇనుప చేతులు కిందికి వాలతాయి. టై రాడ్డు పొడవు మాత్రం అంతే ఉంటుంది, అది సాగదు. దాంతో అది చక్రం ముందు అంచుని బయటికి తిప్పేస్తుంది. రెండు చక్రాలూ చెరో దిక్కుకి చూస్తాయి. ఎంత లేపితే అంత. అందుకే రింగు ముట్టుకుంటే బరువు పెట్టి చక్రాలు మళ్ళీ కొలవాలి, టై రాడ్డు తిప్పి సరిచెయ్యాలి. పదేళ్ళపాటు కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ మాట చెప్పింది నేనే. కొలవకుండా వదిలేసినవాడిని అందరిముందూ తిట్టింది కూడా నేనే.

కంకులు ఉడికాయని మీరంతా పిలిచారు. "రేపు పొద్దున చక్రాలు కొలుస్తాను, కొలవకుండా కదలకు" అన్నాను. అన్నయ్య సరేనన్నాడు.

మర్నాడు ఆరింటికే మీరు బయల్దేరారు, లారీలు రాకముందే పెద్ద రోడ్డు దాటేద్దామని. నేను నిద్రపోతున్నానని అనుకున్నారు. నేను నిద్రపోవడం లేదు వదినా. మేడమీద కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. చినుకులు పడుతున్నాయి. తల దిమ్ముగా ఉంది. కిందికి దిగి ఆగమంటే రెండు గంటల పని, పైగా నా దగ్గర బరువులు లేవు, ఎక్కడో వెతకాలి. ఏం కాదులే, ఇంటికెళ్ళేదాకా నడుస్తుందిలే అనుకున్నాను. నువ్వు వెనక కూర్చుని హెల్మెట్ బెల్టు బిగించుకుంటున్నావు. మీరు మలుపు తిరిగేదాకా చూసి, వెళ్ళి మళ్ళీ పడుకున్నాను.

చక్రాలు బయటికి తెరుచుకున్న బండి ఒక గుంత తగిలినా, మలుపులో బ్రేకు వేసినా, ఏ చక్రానికి పట్టు దొరికితే అటు లాక్కుపోతుంది. పోలీసులు వేగం అని రాశారు, కంకర అని రాశారు. చక్రాల గురించి నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

చర్చిలో ఫాదర్ నన్ను నీ పక్కన నిలబడమన్నాడు. నాకు చేతకాలేదు.

ఇప్పుడు అంకె పంపు.

రేజాన్


మతాన్,
ఏప్రిల్ 2

బంగారంలాంటి మా రేజాన్‌కి,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ ఎండ బాగా కాస్తోంది. మొన్న ఆదివారం జోజియాన్‌తో కలిసి మేపుల్ తోటకి వెళ్ళాను. ఆ చెట్ల పాలు కాచి మంచు మీద పోసిన పాకం పుల్లకి చుట్టుకుని తిన్నాం. బఠాణీ సూప్ కూడా చాలా బాగుంది. నువ్వూ ఉంటే బాగుండేదనుకున్నాం.

నీ ఉత్తరం చదివాను. నువ్వు ఇన్ని నెలలూ అనవసరంగా బాధపడ్డావు. ముందు కొలత వెనకదానికన్నా మూడు మిల్లీమీటర్లు తక్కువుంది. సరిగ్గా నువ్వు ఎంత ఉండాలన్నావో అంతే. రెండుసార్లు కొలిచాం. కాబట్టి నీ ఆరు చుట్ల వల్ల జరిగిందేమీ లేదు. ఆ మలుపులో కంకర ఉంది. అంతే.

ఇక దీని గురించి ఆలోచించకు. వేళకి తిను. ఆ మోకాలు డాక్టరుకి చూపించుకో. జోజియాన్ నిన్ను అడిగానని చెప్పమంది.

ప్రేమతో,
మీ వదిన గిలేన్


రాసీన్,
ఏప్రిల్ 11

వదినా,

నలభై ఏళ్ళుగా నువ్వు నన్ను మొద్దు అన్నావు, మొండిఘటం అన్నావు, ఒకసారి అందరిముందూ గాడిద అని కూడా అన్నావు. బంగారం అని ఎప్పుడూ అనలేదు. ఆ మాట చూడగానే నాకు భయం వేసింది. కింద అంకె చూడకముందే.

మూడు రాదు. మరలు పద్నాలుగున్నాయి, అంటే బండి ఇంకా నేను లేపిన ఎత్తులోనే ఉంది. పసుపు గీతలు చెదరలేదు, అంటే టై రాడ్డుని ఎవరూ ముట్టుకోలేదు. ఈ రెండూ నిజమైతే మూడు అబద్ధం. మూడు నిజమైతే ఈ రెండింటిలో ఒకటి అబద్ధం. పైగా టైర్లు లోపలి అంచున అరిగాయని జనవరిలో నువ్వే రాశావు. మూడు మిల్లీమీటర్లు లోపలికి చూసే చక్రాలకి టైర్లు అలా అరగవు. నువ్వు కొలిచిన అంకె పక్కన పెట్టి, నేను ఉండాలన్న అంకె ఎత్తి రాశావు.

ఎందుకు రాశావో నాకు తెలుసు. ఉత్తరం జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. నమ్మేద్దామనిపించింది. ఇంకెవరైనా అయితే నమ్మేవాళ్ళు, వాళ్ళకి చక్రాల గురించి తెలియదు కాబట్టి. నాకు తెలిసిన పని ఇదొక్కటే. దాన్ని కూడా తెలియనట్టు నటించాలంటే నేనిక ఎందుకూ కొరగాను.

ఇంకో సంగతి కూడా ఉంది. బండి బాగానే ఉందని జోజియాన్‌కి కూడా చెప్పావా? చెప్పి ఉంటే ఈ ఉత్తరం అందిన వెంటనే కాదని చెప్పు. నామీద జాలితో దాన్ని ఆ బండి ఎక్కించకు.

నిజం అంకె రాయి వదినా. అది ఎంతైనా సరే. దాన్ని నేను తెలుసుకోవాలి.

రేజాన్


మతాన్,
ఏప్రిల్ 26

రేజాన్,

పదకొండు. బయటికి. ముందు కొలత వెనకదానికన్నా పదకొండు మిల్లీమీటర్లు ఎక్కువుంది. రెండుసార్లు కొలిచామని రాశాను చూడు, అదొక్కటే నిజం.

బండి బాగుందని జోజియాన్‌కి నేను చెప్పలేదు, తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఆ విషయంలో నీ భయం తీర్చుకో.

ఇక నా సంగతి విను. ఆ రోజు మీ ఇంటి నుంచి వస్తుంటే దారిలో కామురాస్కా ఊరి దగ్గర గాలి మొదలైంది. ఓమేర్ బండి ఆపి దిగి, చక్రాలవైపు చూస్తూ, "ఇది వాసన చూసుకుంటూ పోయే కుక్కలా తయారైంది, రోడ్డు మీద ఎటు బుద్ధి పుడితే అటు పోతోంది" అన్నాడు. రేజాన్‌కి రాద్దాం అన్నాను. వద్దన్నాడు. "వాడు కొలుస్తాను ఆగమన్నాడు, నేనే ఆగలేదు. ఇప్పుడు రాస్తే వాడు మనసు కష్టపెట్టుకుంటాడు. వచ్చే వేసవిలో వెళ్ళినప్పుడు వాడిచేతే చేయించుకుంటాను" అన్నాడు. నీ పని మీద ఇంకొకరితో చెయ్యి పెట్టించడం ఆయనకి ఇష్టం లేదు. నెలరోజులు అలాగే నడిపాడు. నేను వెనక కూర్చుని నెలరోజులూ ఊరుకున్నాను. పోలీసులడిగితే బండి బాగానే ఉండేదని చెప్పాను. వేరే చెబితే నీ పేరు చెప్పాల్సి వస్తుంది.

నీ బరువు తగ్గించడానికి ఇది రాయడం లేదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

నవంబర్‌లో నేను రాసిన మొదటి ఉత్తరం ఉందే, అందులో నేను అడిగింది బండి గురించి కాదు. నాకు అప్పటికే అనుమానం. నువ్వు నోరు విప్పుతావో లేదో చూద్దామని రాశాను. విప్పకపోతే నిన్ను అసహ్యించుకోవచ్చు, అది సులువుగా ఉంటుందనుకున్నాను. నువ్వేమో మార్చిలో అంతా రాసి పంపావు, కిటికీ సంగతితో సహా. దాన్ని మూడు వారాలు వంటింటి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. మూడు అని రాశానంటే అంతా నీమీద జాలే అనుకోకు. పదకొండు అని రాస్తే నిన్నూ, ఆయన్నీ, నన్నూ, ముగ్గుర్నీ బతికినన్నాళ్ళూ కోప్పడుతూ ఉండాలి. నాకు ఓపిక లేదు రేజాన్. మూడు అని రాస్తే అందరం నిద్రపోవచ్చనుకున్నాను.

ఆ పదకొండే ఆయన్ని చంపిందా అంటే నాకు తెలీదు. నీకూ తెలీదు. ఇక ఎప్పటికీ తెలియదు. కాదు అని మాత్రం నేను ఇంకోసారి రాయను.

నిన్న నీ ఉత్తరాలన్నీ జోజియాన్ ముందు పెట్టాను. అంతా చదివింది. తర్వాత షెడ్డులోకి వెళ్ళి వచ్చి, "బాబాయిని రమ్మను. ఆ రింగులు ఆయనే వెనక్కి తిప్పాలి. చక్రాలు ఆయనే కొలవాలి, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను. నేను అరవై ఎనిమిది కిలోలు, నాన్న బరువుకి కొలిస్తే నాకు పనికిరాదు. సీటు మీద నేనే కూర్చుంటాను" అంది. దాని గొంతులో కోపం ఉంది, నీ దగ్గర దాచను. అయినా నిన్నే రమ్మంటోంది.

మే రెండో వారానికి మంచు అంతా పోతుంది. ముందు గదిలో పక్క వేసి ఉంచుతాను. వచ్చాక ఒకటి రెండు రోజులు నేను నీతో మాట్లాడకపోవచ్చు. నీ మొహం చూస్తే ఏమవుతుందో నాకే తెలియదు. అంతమాత్రాన కారెక్కి వెళ్ళిపోకు. మూడోరోజుకి మాట్లాడతాను.

గిలేన్